తోపుడుబండిగా మాఱెడు సైకిలు

నంద్యాలయందును ఆళ్లగడ్డయందును తండ్రి బిడ్డను సైకిలుపై సంతకు కొనిపోవుట మన మెఱిగినదే. వెనుక క్యారియరుపై కూర్చున్న పసివాని పాదము చక్రపు పుల్లలలో చిక్కిన మడమ చీలును. దిగిన పిమ్మట మఱియొక చిక్కు: ఒక చేత సైకిలు, ఒక చేత బిడ్డ!

ఈ రెంటికిని విరుగుడుగా 2008 ప్రాంతమున హాలండు దేశమున “టాగా” అను బండి వెలువడెను. ముందు రెండు చక్రములు, వెనుక నొకటి. బిడ్డ పీఠము త్రొక్కువానికి ముందు. వెనుక చక్రమును క్రిందికి మడిచిన నది తోపుడుబండి యగును. మన సైకిలు రిక్షాకు బరువు వెనుక నుండుటచే రెండు చక్రములును వెనుకనే యుండును, సూత్ర మొక్కటే. మూడు చక్రములు నేల నంటు చోట్లను గీతలతో కలిపిన త్రిభుజ మేర్పడును. భారపు లంబరేఖ దాని లోపల పడునంతవఱకు బండి యొరగదు. కావున నిలిపినను బిడ్డకు భయము లేదు. అయితే మలుపున ద్విచక్రమువలె లోపలికి వ్రాలజాలదు గనుక మెల్లగా త్రిప్పవలెను.

వెల మాత్రము వేయి యూరోలు దాటెను. మన మరమ్మతువాడు వెనుక చక్రమునకు ఇనుప జాలియు, బిడ్డ కాళ్లకు ఆనికయు నమర్చిన, మొదటి యాపద చాలవఱకు తప్పును. రెండవదానికి తల్లి చంకయే యింకను గతి.