గేరు పడకపోతే లోపం బండిదా, భుజానిదా?

ప్రశ్న: నా వయసు 54. ఆళ్లగడ్డలో శిల్పాల పని చేస్తాను. ఎనిమిదేళ్లుగా షుగరు ఉంది, మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతున్నాను. పాత మారుతి 800లో తరచూ నంద్యాల వెళ్లొస్తుంటాను. కొన్ని నెలలుగా సెకండ్, రివర్స్ గేర్లు వేయాలంటే ఎడమ భుజం పీకుతోంది. రాత్రుళ్లు వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. ఒక్కోసారి క్లచ్ పూర్తిగా తొక్కానో లేదో తెలియడం లేదు. మెకానిక్ క్లచ్ ప్లేటు మార్చాలంటున్నాడు. ఇంట్లోవాళ్లు గుండె పరీక్ష చేయించుకోమంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, ఆళ్లగడ్డ

జవాబు: ముందు గుండె సంగతి తేల్చుకుందాం. భుజాన్ని ఒక వైపుకు తిప్పినప్పుడే వచ్చి, చెయ్యి కదపకపోతే తగ్గిపోయే నొప్పి సాధారణంగా కీలుదో కండరానిదో అయి ఉంటుంది. నడిచినా, మెట్లెక్కినా ఛాతీ బరువెక్కి, నొప్పి చేతికో దవడకో పాకుతూ, చెమటలు, ఆయాసం వస్తే మాత్రం గుండెను అనుమానించాలి. అప్పుడు మీరే కారు తీసుకుని బయల్దేరకండి, 108కి ఫోన్ చేయండి. షుగరు ఉన్నవారిలో గుండె నొప్పి ఒక్కోసారి స్పష్టంగా బయటపడదు. అందుకే ఇంట్లోవాళ్లు చెప్పినట్టు ఈసీజీ తీయించుకోండి.

ఇక లోపం బండిలో ఉందా, మీలో ఉందా అన్నది చూడాలి. మారుతి 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది కాబట్టి మీ బండి ఎంత కొత్తదైనా పదేళ్లు దాటినట్టే. ఖాళీగా ఉన్న చదును నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపేసి అన్ని గేర్లూ వేసి చూడండి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా తొక్కిపట్టి మళ్లీ వేయండి. ఇంజిన్ ఆపినప్పుడు మెత్తగా పడిన గేర్లు నడుస్తున్నప్పుడు మొరాయిస్తే, క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. క్లచ్ వైరు సాగడమో, దాని సెట్టింగ్ తప్పడమో ఇందుకు తరచూ కనిపించే కారణం. రివర్స్ గరగరలాడటమూ చాలాసార్లు దీనివల్లే. ఇంజిన్ ఆపినా బిగుతుగానే ఉంటే గేర్ రాడ్ బుష్‌లు, లింకేజీ, గేర్ ఆయిల్ చూడాలి. మిగతావన్నీ బాగా పడుతూ సెకండ్ ఒక్కటే కొరుకుతుంటే గేర్ బాక్సులో సింక్రోనైజర్ రింగు అరిగి ఉండొచ్చు. ప్లేటు అరిగితే సాధారణంగా కనిపించే లక్షణం వేరు. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తుంది గానీ బండి వేగం అందుకోదు. అలా లేకపోతే ప్లేటు జోలికి పోయే ముందు వైరు చూడమని మెకానిక్‌ను అడగండి.

మీ బండిని తెలిసినవాళ్లకిచ్చి నడపమనండి, డాక్టరు సరేనన్నాక (ఎందుకో చివర్లో చెబుతాను) వాళ్ల బండి మీరు కాసేపు నడపండి. మీ బండి వాళ్లనూ సతాయిస్తే లోపం బండిది. వాళ్ల బండిలోనూ మీ భుజం పీకితే లోపం భుజానిది. ఇంకో సంగతి. హైవే మీద సిరివెళ్ల దాటి టాప్ గేరులో పోతున్నప్పుడు గేర్ రాడ్‌తో పెద్దగా పని ఉండదు. అప్పుడూ నొప్పి ఉంటే గేరును నిందించి లాభం లేదు.

షుగరు ఉన్నవారిలో భుజం పట్టేయడం, అంటే ఫ్రోజెన్ షోల్డర్, ఎక్కువ. చొక్కా చెయ్యి తొడుక్కోవడం, వెనక జేబులోకి చెయ్యి పోనివ్వడం కష్టమవుతుంది. ఇంకొకరు పట్టుకుని లేపినా చెయ్యి లేవకపోతే కీలు పట్టేసినట్టు అనుమానించాలి. మీ అంతట మీరు లేపలేకపోయినా వాళ్లు లేపితే లేస్తుంటే కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువు దెబ్బతిని ఉండొచ్చు. రెండింటికీ ఫిజియోథెరపీ ముఖ్యం. కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది, ఆ విషయం ముందే మాట్లాడుకోండి.

వేళ్ల తిమ్మిరికి గేరు కంటే మీ వృత్తే దగ్గరి కారణం. ఉలిని ఎడమ చేత్తో గంటల తరబడి బిగించి పట్టుకోవడం, గ్రైండర్ అదురు, పైగా షుగరు. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు రాత్రిపూట తిమ్మిరెక్కి, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతున్నట్టు. దీన్ని కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటాం. రాత్రిపూట మణికట్టుకు స్ప్లింట్ కట్టుకోండి, పని మధ్యలో చేతికి విరామమివ్వండి. హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 తగ్గినా తిమ్మిర్లు వస్తాయి కాబట్టి అదీ చూపించుకోండి.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది, క్లచ్ తొక్కానో లేదో తెలియడం లేదన్న మాట. షుగరు వల్ల పాదాల నరాలు దెబ్బతింటే స్పర్శ తగ్గుతుంది. ఇంట్లోనే చూసుకోవచ్చు. కళ్లు మూసుకోండి. ఇంట్లోవాళ్లను రెండు పాదాల బొటనవేలు, మధ్య వేలు, చిటికెన వేలి కొసలను ఒక్కొక్కటిగా వేలితో తేలిగ్గా తాకమనండి. తాకగానే చెప్పాలి. ఆరింటిలో రెండుగానీ అంతకంటే ఎక్కువగానీ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. రేపు బ్రేకు పెడల్ మీద కుడికాలి పరిస్థితీ ఇదే అవుతుంది. డాక్టరు పరీక్షించి సరేననేదాకా స్టీరింగ్ పట్టకండి.

ప్రశ్న: మా నాన్నకు 66 ఏళ్లు. నెల క్రితం ఎడమ మోకీలు మార్పిడి ఆపరేషన్ అయింది. కారు కదలక మూడు నెలలైంది, ఇప్పుడు గేరే పడటం లేదు. మహానందికి తానే నడుపుకుంటూ వెళ్తానంటున్నారు. వెళ్లనివ్వచ్చా?
- ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: ఇప్పుడే వద్దు. ఎడమకాలితో క్లచ్ తొక్కే బండికి సాధారణంగా ఆరు వారాలైనా ఆగాలి, అదీ ఆపరేషన్ చేసిన డాక్టరు ఒప్పుకుంటేనే. మత్తునిచ్చే నొప్పి మాత్రలు ఆపేసి ఉండాలి. ఆగి ఉన్న కారులో క్లచ్‌ను చివరిదాకా పదిసార్లు నొప్పి లేకుండా తొక్కగలగాలి. నెలల తరబడి కదలని బండిలో క్లచ్ ప్లేటు తుప్పుతో అంటుకుపోయి గేరు పడకపోవచ్చు. క్లచ్‌ను గట్టిగా తొక్కి గేరును బలవంతంగా వేయాలని చూస్తే కొత్త మోకీలు మీదే భారం పడుతుంది. బండిని మెకానిక్‌కు చూపించండి, ఈసారి మహానందికి నాన్నగారిని మీరే తీసుకెళ్లండి.