చిన్న నక్షత్రాల చుట్టూ గ్రహాల అన్వేషణ

ఆకాశాల సృష్టిని గురించి ఆలోచించమని పవిత్ర ఖుర్ఆన్ మనల్ని పదే పదే పిలుస్తుంది. ఆ ఆలోచనకు నేడు సాయపడుతున్న ఒక శాస్త్ర పద్ధతిని, తరగతి గదిలో పిల్లలకు చెప్పే తీరులోనే, ఈ సంచిక పాఠకులకు వివరించదలిచాము. సూర్యుడి కంటే చిన్నవి, చల్లనివి అయిన నక్షత్రాల చుట్టూ గ్రహాలు ఉన్నాయా? గ్రహానికి సొంత వెలుగు లేదు. నక్షత్రపు కాంతిలో అది కలిసిపోతుంది. మరి ఉందని ఎలా తెలుస్తుంది?

గుంటూరులో చూసిన గీతలు

ఈ పద్ధతికి మూలమైన పరికరం మన నేల మీద ఎప్పుడో పని చేసింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో, మద్రాసు నక్షత్రశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలో వర్ణపటదర్శినులతో సిద్ధంగా ఉన్నారు. పట్టకం కాంతిని రంగులుగా విడదీసినట్టే ఈ పరికరమూ విడదీస్తుంది. ఆ రంగుల పట్టీలో సన్నని గీతలు కనిపిస్తాయి. ప్రతి మూలకానికీ తనవైన గీతలుంటాయి, వేలిముద్రల వలె. సూర్యుడి అంచున లేచే జ్వాలల గీతలు జాన్సెన్‌కు ఎంత స్పష్టంగా కనిపించాయంటే, మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్లీ చూశారు. ఆ ఏడాదే ఇంగ్లండులో లాకియర్ కూడా గ్రహణం లేకుండా వాటిని చూశారు. ఆ జ్వాలల్లోని ఒక పసుపు గీత తెలిసిన ఏ మూలకానికీ చెందలేదు. అదే హీలియం. భూమి మీద అది 1895లో గానీ దొరకలేదు.

గీతలు కదిలితే

గోదావరి స్టేషను ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆగకుండా వెళ్లే రైలు కూత వినండి. దగ్గరికి వస్తున్నప్పుడు కీచుగా ఉంటుంది. దాటిపోగానే స్థాయి తగ్గుతుంది. ఇదే డాప్లర్ ప్రభావం. కాంతికీ ఇది వర్తిస్తుంది. నక్షత్రం మన వైపు వస్తే దాని గీతలు నీలం వైపు, దూరమైతే ఎరుపు వైపు కాస్త జరుగుతాయి.

నక్షత్రం గ్రహాన్ని లాగినట్టే గ్రహమూ నక్షత్రాన్ని లాగుతుంది. అందువల్ల నక్షత్రం ఒక చిన్న వలయంలో ఊగుతూ ఉంటుంది. గీతలు క్రమం తప్పకుండా అటూ ఇటూ జరుగుతుంటే, కనబడని గ్రహం ఒకటి దాన్ని తిప్పుతోందన్న మాట. 1995లో మేయర్, కెలోజ్ అనే స్విస్ శాస్త్రవేత్తలు సూర్యుడి వంటి నక్షత్రం చుట్టూ తొలి గ్రహాన్ని ఇలాగే కనుగొన్నారు. అందుకు 2019లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

చిన్న నక్షత్రాలే ఎందుకు?

ఒక పిల్లవాడు లాంచీలోకి దూకితే అది చలించదు. అదే పిల్లవాడు నాటు పడవలోకి దూకితే ఊగిపోతుంది. భూమి మన సూర్యుడిని ఊపే వేగం సెకనుకు 9 సెంటీమీటర్లే. చిన్న నక్షత్రమైతే అంతే గ్రహానికి ఎక్కువగా ఊగుతుంది.

ఇంకో కారణమూ ఉంది. పెద్ద మంటకు దూరంగా కూర్చున్నా వెచ్చగా ఉంటుంది, కుంపటికైతే దగ్గరగా జరగాలి. ఈ ఎర్రని మరుగుజ్జు నక్షత్రాల ఉపరితల వేడి సుమారు 2,000 నుంచి 3,500 డిగ్రీలు, సూర్యుడిది 5,500. కాబట్టి నీరు ద్రవంగా నిలిచే చోటు నక్షత్రానికి దగ్గరగా ఉంటుంది. అక్కడి గ్రహం కొన్ని రోజుల్లోనే ఒక చుట్టు ముగిస్తుంది. లాగే బలమూ ఎక్కువే.

సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ ఇలాంటిదే. దూరం సుమారు 4.2 కాంతి సంవత్సరాలు. దాని చుట్టూ కనీసం భూమంత బరువున్న గ్రహం ఉందని 2016 ఆగస్టులో ప్రకటించారు. అక్కడి ఏడాది 11 రోజులే. చిలీలోని లా సిల్లా టెలిస్కోపుతో కొలిచిన ఆ ఊపు సెకనుకు సుమారు 1.4 మీటర్లు. అంటే మనం నడిచే వేగం! కొలిచే భూమేమో సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో పోతోంది. దాన్నంతా లెక్కగట్టి తీసివేస్తేనే ఈ నడక తెలుస్తుంది.

చల్లని నక్షత్రాల వెలుగు ఎక్కువగా కంటికి కనబడని పరారుణ కాంతిలో ఉంటుంది. అందుకే ఆ కాంతిని కూడా కొలిచే పరికరాన్ని స్పెయిన్‌లోని కాలార్ ఆల్టో కొండ మీద 2016 నుంచి వాడుతున్నారు. ఒకప్పుడు ముస్లిం ఖగోళవేత్తలు గ్రహాల పట్టికలు రాసిన అండలూసియా ప్రాంతమే అది.

రూఢి చేసుకోవడం

నక్షత్రం మీది మచ్చలు కూడా గీతలను జరిపినట్టు భ్రమ కలిగిస్తాయి. బర్నార్డ్ నక్షత్రానికి 233 రోజుల గ్రహం ఉందని 2018లో ప్రకటించారు. 2021లో మరో బృందం, అది నక్షత్రపు సొంత చేష్ట కావచ్చని చూపింది. వెతుకులాట ఆగలేదు. 2024లో అక్కడే సుమారు 3 రోజుల చిన్న గ్రహం దొరికింది. 2025లో మొత్తం నాలుగని తేలింది. ఒక మాట వినగానే నమ్మక, చెప్పినవారెవరు, ఎవరి ద్వారా వచ్చింది అని విచారించే క్రమశిక్షణను హదీసు పండితులు మనకు నేర్పారు. శాస్త్రం కోరేదీ అలాంటి క్రమశిక్షణనే.

మనం చేయగలిగింది

హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో సొంత ఖర్చుతో 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి నక్షత్రశాల నెలకొల్పారు. అదే నిజామియా అబ్జర్వేటరీ. ఆయన తరువాత అది ప్రభుత్వానికి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చేరింది. ఒక మనిషి సొమ్ము తరతరాల విద్యార్థులకు ఉపయోగపడింది. సదఖా జారియా అంటే మసీదు, బావి మాత్రమే కాదు, ఇదీనూ.

మన బస్తీల్లో లెక్కలు, సైన్సు బాగా వచ్చిన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, పదో తరగతితో ఆగిపోవడం మేము ఏటా చూస్తున్నాము. సొసైటీ ఇచ్చే స్కాలర్‌షిప్పుల్లో ఇంటర్‌లో ఎం.పి.సి. చదివేవారికి కొంత భాగం కేటాయించాలని, ఒక చిన్న టెలిస్కోపు సమకూర్చాలని పెద్దలకు మా మనవి. ఈలోగా తల్లిదండ్రులు ఒక పని చేయవచ్చు. పాత సి.డి.ని ట్యూబులైటు కింద వంచి పట్టి, విడివిడిగా కనిపించే రంగులను పిల్లలకు చూపండి. సూర్యుడి వైపు మాత్రం ఎన్నడూ పట్టవద్దు. గుంటూరులో జాన్సెన్ చేసిన పనికి అది తొలి పాఠం.

అల్లాహ్ మన పిల్లల జ్ఞానాన్ని పెంపొందించుగాక. ఆమీన్.