కపాలపు అడుగున కనిపించు నీడ

ఎర్రగడ్డ పేరు వినగానే మన నగరవాసులకు రెండు ఆసుపత్రులు జ్ఞప్తికి వచ్చును: ఒకటి ఛాతీ ఆసుపత్రి, రెండవది మానసిక చికిత్సాలయము. తలనొప్పి అని పదే పదే వాపోవువానిని "ఎర్రగడ్డకు పంపవలె" నని పరిహాసమాడుట ఇచ్చటి వాడుక. ఆ పరిహాసము మాకు రుచింపదు. అట్టివానికి స్కాను తీసినపుడు కపాలపు అడుగుభాగమున అనుకోని మచ్చ యొకటి కనిపించుట కలదు. అపుడు ఇంటిల్లిపాదికి కలుగు మొదటి భయము క్యాన్సరు.

ఆ చోటు దుర్గమమైనది. కంటి నరములు, మెదడునకు రక్తము గొనిపోవు ధమనులు అచ్చటనే కలవు. చేతిమీది గడ్డనుండి ముక్క తీసి పరీక్షించినంత సులభముగా అచ్చట తీయ వీలుకాదు. కనుక చిత్రమును సరిగా చదువుటయే సగము వైద్యము.

ఫైబ్రస్ డిస్‌ప్లేసియానే చూతము. 1938లో లిక్టెన్‌స్టీన్ అను వైద్యుడు ఈ పేరును వాడెను. గట్టి ఎముక ఉండవలసిన చోట నారపదార్థమును, పరిపక్వముకాని ఎముకయు కలిసి పెరుగును. పిండదశలో ఏదో ఒక కణమున జి.ఎన్.ఎ.ఎస్. అను జన్యువు మారుట దీనికి కారణము; తల్లిదండ్రులనుండి వచ్చునది కాదు. పెండ్లి సంబంధములు చూచుకొనువారు ఈ మాట గుర్తుంచుకొందురు గాక! ఎం.ఆర్.ఐ.లో ఇది క్యాన్సరువలె భ్రమ గొల్పును. సి.టి.లో మాత్రము స్నానాల గది కిటికీకి అమర్చు గరుకు గాజువలె కనిపించును; ఎముక ఉబ్బును గాని పైపొర సాధారణముగా చెడదు. కావున మొదటి చిత్రము పుట్టించిన భయమును రెండవది తీర్చగలదు. పొరబడి దీనికి రేడియేషను ఇచ్చినచో, నిరపాయమైనది నిజముగనే క్యాన్సరుగా మారు ప్రమాదము పెరుగును.

స్ఫినాయిడ్ ఎముకలో బాల్యమున మజ్జ క్రొవ్వుగా మారి, పిదప గాలిగది ఏర్పడును. ఆ పని నడుమ ఆగిపోయినచో క్రొవ్వు అట్లే మిగులును. చుట్టును సన్నని గట్టి అంచు ఉండును, ఎముక ఉబ్బదు, నరముల రంధ్రములు చెడవు. దీనికి చికిత్సయే అక్కరలేదు.

నోటోకార్డు అవశేషము మరింత చిక్కైనది. కార్డోమా అను చెడ్డ కణితిని అది పోలియుండును. అయితే కార్డోమా ఎముకను తినివేయును. అవశేషము తినదు, రంగుమందును సాధారణముగా పీల్చుకొనదు. మన దేశమున క్షయయు కపాలపు అడుగును తొలుచును. అది మందులకు లొంగునది గనుక దానిని మరువరాదు.

సందేహము తీరనపుడు కొన్ని నెలల పిదప మరల స్కాను తీసి పోల్చుదురు. పెరుగుదల కలదా లేదా అని తేల్చునది ఆ పోలికయే. అందుచే పాత ఫిల్ములను అటకమీద పారవేయక వెంట తీసికొనిపోవలెను.