సంతకం నేర్చుకున్న అమ్మలకు

నౌపడ ఉప్పు మడుల్లో కూలికెళ్లే ఆడవాళ్ల మీద వేసిన ప్రోనోటు దావాలు ఈమధ్య నా దగ్గరికి వరసగా వస్తున్నాయి. కథ ఒక్కటే. ఖాళీ ప్రోనోటు మీద సంతకం.

తాజాగా వచ్చినామె డ్వాక్రా సంఘంలో చేరాక పేరు రాయడం నేర్చుకుంది. చదవడం మాత్రం రాదు. కూతురి పెళ్లికని వడ్డీ వ్యాపారి దగ్గర ఇరవై వేలు తెచ్చింది. దావాలో అది రెండు లక్షలైంది. "సంతకం ఎట్టమన్నారు బాబూ, ఎట్టీసినాను" అంటుంది.

స్టాంపు అంటించిన ఖాళీ ప్రోనోటు మీద సంతకం చేసిస్తే, ఆ స్టాంపుకు చెల్లే మేరకు అంకె వేసుకునే అధికారం కూడా ఇచ్చినట్టేనని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. సంతకం మీదేనని తేలితే, డబ్బు ముట్టిందనే 118వ సెక్షన్ కింద కోర్టు భావిస్తుంది. ముట్టలేదని చూపించాల్సింది మీరే. సాక్షి లేడు, రసీదు లేదు. ఏం చూపిస్తారు?

వేలిముద్ర వేసినామెకు కొంత రక్షణ ఉంది. పరదా చాటు స్త్రీ రాసిచ్చిన పత్రం ఆమెకు అర్థమయ్యే రాసిచ్చిందని, దాన్ని పట్టుకొచ్చినవాడే రుజువు చేయాలని ఖర్బుజా కుయర్ కేసులో సుప్రీంకోర్టు 1962లో చెప్పింది. చదువురానివాళ్లకూ కోర్టులు ఆ సూత్రాన్ని వర్తింపజేస్తున్నాయి. కానీ సంతకం కనబడగానే అవతలి వకీలు "ఈమె చదువుకున్నదే" అని లేస్తాడు. చదువు రాదని మనమే రుజువు చేసుకోవాల్సి వస్తోంది.

2011 జనగణనలో మన శ్రీకాకుళం జిల్లా ఆడవాళ్లలో అక్షరాస్యులు దాదాపు 52 శాతమే. మిగతావాళ్లకు పేరు రాయడం నేర్పి, ఫొటో దిగి వెళ్లిపోయిన అధికారులను ఏమనాలి? ఆ సంతకంతో వాళ్లు దేనికి ఒప్పుకుంటున్నారో చదువుకునేలా నేర్పి ఉంటే, ఉప్పు మోసిన కూలి వడ్డీలకు పోయేది కాదు. అప్పిచ్చే సంస్థల సిబ్బందీ అంతే, పేజీలు తిప్పుతూ "ఇక్కడ, ఇక్కడ" అని వేలు చూపిస్తారు. వడ్డీ, ఫీజుల వివరాలు రుణగ్రహీతకు తెలిసిన భాషలో ఇవ్వాలని సూక్ష్మరుణాలపై రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ నుంచి నిబంధన పెట్టింది. ఆ కాగితం అడిగి తీసుకోండి, బడికెళ్లే పిల్లలతో చదివించుకోండి.

ఖాళీ నోటు ఇప్పటికే ఇచ్చేసి ఉంటే దావా పడేదాకా ఆగకండి. దాన్ని వెనక్కివ్వమని వకీలు చేత నోటీసు పంపండి. ఇకమీదట వాయిదాలు బ్యాంకు ద్వారానే కట్టండి. ఆదాయం ఎంతైనా, 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద ఆడవాళ్లకు వకీలును ఉచితంగా ఇస్తారు. 15100కు ఫోన్ చేయండి. ఖాళీ ప్రోనోటు మీద మాత్రం సంతకం పెట్టకండమ్మా, అడిగింది సొంత మేనమామైనా సరే.