మాంసోత్పత్తికై మగ గేదె దూడల పోషణ: నిత్య సమస్యలు, నివారణ మార్గాలు

ఉపోద్ఘాతం

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో సుమారు 10.98 కోట్ల గేదెజాతి పశువులు ఉన్నాయి. వీటిలో సుమారు 62 లక్షలు ఆంధ్రప్రదేశ్‌లోను, 42 లక్షలు తెలంగాణలోను ఉన్నాయి. పుట్టే దూడలలో దాదాపు సగం మగవే అయినప్పటికీ, పాడి రైతు కొట్టంలో ఏడాది నిండిన మగ దూడ అరుదుగా కనిపిస్తుంది. పెయ్యదూడకు లభించే పాలు, దాణా, మందు మగ దూడకు లభించకపోవడమే ఇందుకు ప్రధాన కారణం. ట్రాక్టర్లు వచ్చిన తరువాత దున్నపోతుతో సేద్యపు అవసరం తగ్గింది. మిగిలిన ప్రయోజనం మాంసోత్పత్తి. ఈ ఉద్దేశంతో మగ దూడల మందను పెంచే రైతుకు ఎదురయ్యే కష్టాలలో అధిక భాగం పెద్ద తెగుళ్ల వల్ల కాక, ప్రతిరోజూ జరిగే చిన్న చిన్న లోపాల వల్ల కలుగుతున్నాయి. ఆ లోపాలను, వాటి నివారణను ఈ వ్యాసం వివరిస్తుంది.

పాల లెక్క

దూడకు మొదటి నెలలో శరీర బరువులో పదో వంతు, రెండో నెలలో పదిహేనో వంతు, మూడో నెలలో ఇరవయ్యో వంతు పాలు ఇవ్వాలన్నది సాధారణ సూత్రం. ఈ మూడు నెలలలో దూడ సగటు బరువు వరుసగా 30, 40, 50 కిలోలు అనుకుంటే మొత్తం సుమారు 245 లీటర్ల పాలు అవసరమవుతాయి. లీటరు 50 రూపాయల చొప్పున లెక్కిస్తే ఇది 12 వేల రూపాయలు దాటుతుంది. మగ దూడ భవితవ్యాన్ని నిర్ణయించేది ఈ లెక్కే. గేదె చేపడానికి అవసరమైనంత కాలం దూడను బతకనిచ్చి, దాణాకే చేపడం అలవాటు కాగానే దానిని నిర్లక్ష్యం చేయడం పరిపాటి. అటువంటి దూడ ఆకలితో నీరసించి, ఆపై నట్టలకో పారుడుకో బలి అవుతుంది. మరణానికి కారణం రోగమని చెప్పుకున్నా, అసలు కారణం ఆకలి.

ఈ ఖర్చును తగ్గించే మార్గం పాలను ఒక్కసారిగా మాన్పించడం కాదు. రెండో వారం నుండి దూడ ముందు కొద్దికొద్దిగా దాణా, మెత్తని పచ్చగడ్డి ఉంచాలి. గింజ దాణా పులియడం వల్ల ఏర్పడే ఆమ్లాలే దూడ పెద్దపొట్ట గోడలను వృద్ధి చేస్తాయి. మూడో వారం తరువాత పాలలో కొంత భాగానికి బదులు నాణ్యమైన పాల ప్రత్యామ్నాయ పొడిని వాడవచ్చు. వరుసగా కొన్ని రోజులు రోజుకు ముప్పావు కిలో దాణా తినగలిగిన తరువాతే పాలు పూర్తిగా మాన్పించాలి.

మొక్కజొన్న 35 పాళ్లు, నూనె తీసిన తవుడు 30, వేరుశనగ చెక్క 32, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 పాలు కలిపితే సుమారు 20 శాతం మాంసకృత్తులు గల దూడల దాణా తయారవుతుంది. చెక్కకు బూజు పట్టి ఉంటే దానిని ఎట్టి పరిస్థితులలోను వాడరాదు.

మొదటి పక్షం

పుట్టిన రెండు గంటలలోపు ముర్రుపాలు పట్టించాలి. మొదటి 24 గంటలలో శరీర బరువులో పదో వంతుకు తగ్గకుండా అందాలి. కాలం గడిచేకొద్దీ దూడ ప్రేగులు రక్షక పదార్థాలను గ్రహించే శక్తిని కోల్పోతాయి. కనుక మరునాడు ఎంత పట్టించినా మొదటి పూట లోపం తీరదు. బొడ్డును శుభ్రమైన దారంతో కట్టి, కత్తిరించి, టింక్చర్ అయోడిన్ అద్దాలి.

గేదె దూడలకు ఏలిక పాముల బెడద ప్రత్యేకమైనది. టాక్సోకారా విటులోరం అనే ఈ పురుగు పిల్ల దశలో తల్లి పాల ద్వారానే దూడను చేరుతుంది. అందువల్ల కొట్టం ఎంత శుభ్రంగా ఉన్నా ఈ ముప్పు తప్పదు. మట్టి రంగు దుర్వాసన పారుడు, పెరిగిన పొట్ట, గరుకైన వెంట్రుకలు దీని లక్షణాలు. 10 నుండి 14 రోజుల వయస్సులో మొదటి మోతాదు నట్టల మందు, ఆపై ఆరు నెలల వరకు నెలకొకసారి పశువైద్యుని సలహాపై ఇవ్వాలి.

పారుడు పట్టిన దూడకు పాలు ఆపివేయడం తరచుగా జరిగే పొరపాటు. దూడను చంపేది చాలా సందర్భాలలో శరీరంలోని నీరు, లవణాలు తగ్గిపోవడమే. మెడపై చర్మాన్ని పట్టి వదిలినపుడు వెంటనే యథాస్థితికి రాకపోయినా, కళ్లు లోతుకు పోయినా ఆలస్యం చేయకుండా లవణాల ద్రావణం పట్టించి, పశువైద్యుని పిలిపించాలి.

కొనుగోలు దూడల సమస్య

మంద పెట్టదలచిన రైతు వివిధ ఇళ్ల నుండి, సంతల నుండి దూడలను సేకరిస్తాడు. వాటిలో అధిక భాగం అప్పటికే అర్ధాకలితో ఉన్నవే. చౌకగా దొరికిందని రెండు నెలలలోపు బక్క దూడను కొనడం నష్టదాయకం. దాణా తినడం అలవాటైన, చురుకైన కళ్లు, పొడి ముక్కుపుటం కాక తేమగల ముక్కుపుటం ఉన్న, తోక కింద పారుడు మరకలు లేని దూడను ఎంచుకోవాలి. కొత్త దూడలను మూడు వారాలు వేరుగా ఉంచి, నట్టల మందు వేసి, పిడుదులను తొలగించి, ఆపై మందలో కలపాలి. వయస్సును బట్టి కాక పరిమాణాన్ని బట్టి గుంపులు చేయడం మేలు. లేనిచో బలమైనవి గాటి వద్ద బలహీనమైన వాటిని తినన్వివవు.

మేత, నీరు, ఎండ

వేసవిలో వరిగడ్డే ఆధారమవుతుంది. దానిలో మాంసకృత్తులు 3 నుండి 4 శాతం మాత్రమే. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 నుండి 60 లీటర్ల నీటిలో కరిగించి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచితే మాంసకృత్తులు సుమారు రెట్టింపు అవుతాయి, గడ్డి మెత్తబడుతుంది. తీసిన గడ్డిని కొంతసేపు గాలికి ఆరబెట్టి పెట్టాలి. ఆరు నెలలలోపు దూడలకు ఇది పనికిరాదు. యూరియా కలిపిన నీటిని పశువు తాగితే ప్రాణాపాయం. ఆ తొట్టిని మందకు అందకుండా ఉంచాలి.

వర్షాభావంలో వాడిన జొన్న, కోసిన తరువాత వచ్చే పిలకలు నాము తగిలించి గంటలలోనే పశువును చంపగలవు. జొన్నను పూత దశ తరువాతే మేపాలి. చెరువుల అంచున, కాలువ గట్ల వెంట నత్తలున్న చోట మేసిన పశువులకు కార్జపు జలగలు సోకుతాయి. దవడ కింద నీరు దిగడం దాని గుర్తు.

గేదెజాతికి నల్లని చర్మం, తక్కువ స్వేద గ్రంథులు ఉన్నందున ఎండను తట్టుకోలేదు. ఉదయం, సాయంత్రం మాత్రమే మేపి, మధ్యాహ్నం నీడలో ఉంచి, నీటి మడుగుకు తోలడమో, ఒంటిపై నీరు చల్లడమో చేయాలి. తాగునీరు ఎల్లవేళలా అందుబాటులో ఉండాలి. నీరు తగ్గితే మేత తగ్గుతుంది, మేత తగ్గితే పెరుగుదల ఆగుతుంది.

పెరుగుదలను కొలవడం

మూడు నెలలకు 50 కిలోలున్న దూడ రోజుకు 500 గ్రాముల చొప్పున పెరిగితే మరో 20 నెలలలో 350 కిలోలకు చేరుతుంది. రోజుకు 250 గ్రాములే పెరిగితే అదే కాలానికి 200 కిలోల వద్ద నిలుస్తుంది. రెండింటికీ ఒకే కొట్టం, ఒకే కూలి, దాదాపు ఒకే శరీర పోషణ ఖర్చు. 150 కిలోల ఈ తేడా ఏ ఒక్క రోజూ కంటికి కనిపించదు. కనుక నెలకొకసారి కొలవడం తప్పనిసరి.

తూనిక లేనిచోట టేపు చాలు. ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను అంగుళాలలో తీసుకొని, దానిని దానితోనే గుణించి, భుజం నుండి పిరుదు ఎముక వరకు గల పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలలో సుమారు బరువు వస్తుంది. ఛాతీ 48, పొడవు 40 అంగుళాలున్న దూడ బరువు సుమారు 140 కిలోలు. వరుసగా రెండు నెలలు వెనుకబడిన దూడకు పేడ పరీక్ష చేయించాలి.

టీకాలు, మందులు

గాలికుంటు టీకా నాలుగు నెలల వయస్సులో వేయించి, నెల తరువాత మరొక మోతాదు, ఆపై ఆరు నెలలకొకసారి కొనసాగించాలి. గొంతువాపు, జబ్బవాపు టీకాలను ఆరు నెలలు నిండిన దూడలకు ఏటా తొలకరికి ముందే వేయించాలి. గొంతువాపు సోకిన గేదె ఒక్క రోజులోనే మరణించవచ్చు కాబట్టి చికిత్స కంటే టీకాయే శరణ్యం.

మాంసపు మందలో మందు వాడకం తేదీతో సహా నమోదు కావాలి. నట్టల మందులు, యాంటీబయాటిక్‌ల అవశేషాలు మాంసంలో కొంతకాలం నిలుస్తాయి. సీసాపై సూచించిన విరామ కాలం ముగియక ముందు పశువును అమ్మరాదు.

విక్రయం, చట్టం

1977 నాటి చట్టం ప్రకారం ఆవుల, ఆవుదూడల, గేదె దూడల వధ నిషిద్ధం. ఇతర పశువుల విషయంలో అధీకృత అధికారి ధ్రువపత్రం అవసరం. రవాణాకు 1978 నాటి పశు రవాణా నియమాల ప్రకారం పశువైద్యుని ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. ఈ షరతులను మంద పెట్టక ముందే స్థానిక పశువైద్యాధికారి ద్వారా తెలుసుకోవడం శ్రేయస్కరం. రెండేళ్లు పోషించిన తరువాత అమ్మకం నిలిచిపోతే ప్రతిరోజూ మేత ఖర్చే మిగులుతుంది. పశువులను చల్లని వేళలో, నీరు తాపి, ఇరుకు లేకుండా తరలించాలి. లేనిచో దారిలోనే బరువు తగ్గి, దెబ్బలు తగిలి, మాంసం నాణ్యత చెడుతుంది.

ముగింపు

మగ దూడల పోషణలో లాభనష్టాలు మొదటి మూడు నెలల పాలతో మొదలై, ప్రతి ఉదయం రైతు చేసే పరిశీలనతో తేలుతాయి. గాటి వద్దకు రాని దూడ ఏది, నెమరు వేయనిది ఏది, పేడ పలుచబడినది ఏది అన్న మూడు ప్రశ్నలకు రోజూ సమాధానం వెతికి, పుస్తకంలో రాసుకునే రైతు మందలో మరణాలు తగ్గుతాయి. పాడి కొట్టంలో భారంగా భావించబడే దూడను అదనపు ఆదాయంగా మార్చగలిగేది ఈ క్రమశిక్షణే.