తొమ్మిది తప్పులు, మూడు కారణాలు



యూనిట్ పరీక్షలో నాకు లెక్కల్లో 25కి 7 మార్కులు వచ్చాయి. ఆ రోజు పేపరు వెనకాల "నేను మొద్దుని" అని పెన్నుతో రాసుకున్నాను. ట్రంకుపెట్టె సర్దుకుని ఇంటికి పోదామనుకున్నాను.

ఆ రాత్రి స్టడీ అవర్లో 5వ తరగతి తమ్ముడొకడు పలక పట్టుకొచ్చాడు. 52లోంచి 27 తీసేస్తే 35 అని వేశాడు. "ఎలా చేశావురా?" అని అడిగాను. "2లోంచి 7 పోదు కదన్నా, అందుకే 7లోంచి 2 తీసేశాను" అన్నాడు. వాడు బాగానే ఆలోచించాడు, పక్క పదిని అప్పు తెచ్చుకోవడం ఒక్కటే తెలియలేదు. వాణ్ణి మొద్దు అనడానికి నాకు నోరు రాలేదు. మరి నన్ను నేను ఎందుకు అనుకున్నాను?

పేపరు మళ్ళీ తీశాను. ఈసారి తిట్టుకోకుండా, వాణ్ణి అడిగినట్టే నన్ను అడిగాను. తప్పయినవి 9 లెక్కలు. నాలుగింటిలో ఒకటే పొరపాటు. 1/2 + 1/3 = 2/5 అని పైవి పైవి, కిందివి కిందివి కలిపేశాను. గుణకారంలో పైది పైదానితో, కిందిది కిందిదానితో చేస్తాం కదా, దాన్ని ఇక్కడికి లాక్కొచ్చాను. కాని 2/5 అంటే సగం కన్నా తక్కువ! సగం రొట్టెకి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తగ్గుతుందా? రొట్టెని 6 ముక్కలు చేస్తే సగం 3 ముక్కలు, మూడో వంతు 2 ముక్కలు. మొత్తం 5/6. (లెక్కలని చూసి పేజీ తిప్పేయకండి, గోడపత్రికకి పేజీలు లేవు!)

ఇంకో మూడింటిలో బ్రాకెట్ ముందు మైనస్. 10 - (4 - 1) అంటే 7, నేను 10 - 4 - 1 చేసి 5 వేశాను. మిగతా రెండూ నా చేతిరాత వల్ల పోయాయి. నా 6 నాకే 0 లాగా కనబడింది.

కారణాలు మూడే. మొద్దుతనానికి మందు లేదు గాని ఈ మూడింటికీ ఉంది. వారం రోజులు రోజుకి ఐదు భిన్నాలు చేశాను.

తర్వాతి పరీక్షలో 13 వచ్చాయి. భిన్నాలన్నీ రైటు. మైనస్ ఒకటి మళ్ళీ తప్పింది, కొంచెం బాధపడ్డాను. తప్పయిన వాటిలో ఒకటి ఎలా తప్పిందో ఇంకా తెలియలేదు. ఆదివారం టిఫిన్ అయ్యాక వరండాలో కూర్చుని చూస్తాను. మీ పేపర్లు కూడా తెచ్చుకోండి.

- 9వ తరగతి విద్యార్థి