రైతు వరుస తప్పిపోకుండా

ఖరీఫ్ ముందు శింగనమల లాంటి మండలంలో సబ్సిడీ శనక్కాయ విత్తనాల జాబితా పడుతుంటే, ఆపరేటర్ రోజంతా చేసేది ఒకటే పని: పట్టికలో రైతు వరుసను ఎంచుకుని బటన్ నొక్కడం. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు పక్కపక్క వరుసల్లోనే ఉంటారు. కాస్త జారితే ఒకరి బస్తా ఇంకొకరి ఖాతాలో పడుతుంది. ఆఫీసులకు, విత్తన దుకాణాలకు డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ రాసే కుర్రవాళ్లు రిపోర్టుల హంగుల కన్నా ముందు ఈ ఎంపికను సరిచేయాలి.

సీ షార్ప్ డేటాగ్రిడ్‌వ్యూ వాడుతుంటే సెలెక్షన్‌మోడ్‌ను ఫుల్‌రోసెలెక్ట్ చేయండి. లేకపోతే నొక్కిన గడి ఒక్కటే నీలంగా మారుతుంది, ఆ ఖాతా ఎవరిదో కళ్లతో వెతుక్కోవాలి. క్యూటీలో అయితే సెలెక్ట్‌రోస్ పెట్టండి. డేటాగ్రిడ్‌వ్యూలో మల్టీసెలెక్ట్ ముందే ఆన్‌లో ఉంటుంది. వివరాలు దిద్దే తెరలో దాన్ని ఆపేయండి.

అసలు ప్రమాదం రిఫ్రెష్‌లో ఉంది. డేటా మళ్లీ ఎక్కగానే డేటాగ్రిడ్‌వ్యూ తనంతట తానే మొదటి వరుసను ఎంచుకుంటుంది. ఆపరేటర్ చూడకుండా 'తొలగించు' నొక్కితే ఏ సంబంధమూ లేని రైతు పోతాడు. అందుకే డేటాబైండింగ్‌కంప్లీట్ ఈవెంట్‌లో క్లియర్‌సెలెక్షన్ పిలవండి. రిఫ్రెష్‌కు ముందు ఎంచుకున్న రైతు డేటాబేస్ ఐడీని దాచుకుని, తర్వాత ఆ ఐడీ ఉన్న వరుసనే మళ్లీ ఎంచుకోండి. వరుస సంఖ్యను దాచుకుంటే లాభం లేదు, మధ్యలో కొత్త పేరు చేరితే అది మారిపోతుంది.

జావా జేటేబుల్‌లోనూ ఇదే చిక్కు. ఊరిపేరును బట్టి సార్ట్ చేశాక గెట్‌సెలెక్టెడ్‌రో ఇచ్చేది తెరమీది సంఖ్య. దాన్ని కన్వర్ట్‌రోఇండెక్స్‌టుమోడల్‌కు ఇచ్చి అసలు సంఖ్య తెచ్చుకోవాలి. 2006లో జావా 6తో సార్టింగ్ వచ్చినప్పటి నుంచీ ఈ పద్ధతి ఉన్నా, దీన్ని మరిచే ప్రోగ్రాములు ఇంకా రాస్తూనే ఉన్నారు. చిన్న డేటాతో, సార్ట్ చేయకుండా పరీక్షిస్తే ఈ తప్పు బయటపడదు.

చాలామందిని ఒకేసారి ఎంచుకునే చోట కంట్రోల్ కీని నమ్ముకోవద్దు. నలభై పేర్లు పట్టుకున్నాక కీ వదిలి ఒక్కసారి నొక్కితే అన్నీ పోతాయి. ఒక చేతిలో పాసుపుస్తకాలు పట్టుకుని పనిచేసే మనిషికి టిక్ పెట్టే కాలమ్ ఇవ్వండి. ఎంతమందికి టిక్ పడిందో పట్టిక కిందే చూపించండి. ఫిల్టర్ మార్చినా ఆ టిక్‌లు చెరగకూడదు. తెరమీద కనిపించనివి ఎన్ని ఉన్నాయో కూడా ఆ లెక్క పక్కనే రాయాలి, లేకపోతే పక్క ఊరి పేర్లూ కలిసి పోతాయి.